బోరు నుంచి ఫామ్‌హౌస్ దాకా: పైపు సైజు ఎలా తేల్చుకోవాలి

చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు స్థలం కొని చిన్న ఇల్లు కట్టుకునేవాళ్లు మా రాణిగంజ్ షాపుకి వచ్చి ముందు అడిగేది ఒకటే. "అన్నా, ముప్పావు ఇంచు పైపు చాలా, ఇంచు వేయాలా?" నేను ఎదురు అడుగుతాను: బోరుకీ ఇంటికీ దూరమెంత, ఇల్లు ఎంత ఎత్తులో ఉంది, నీళ్లని తోసేది మోటారా లేక ట్యాంకు ఎత్తా? ఇవి తెలియకుండా సైజు చెప్పడం నా వల్ల కాదు. సిటీలో సంపు నుంచి పైట్యాంకుకి నలభై యాభై అడుగులే కాబట్టి ఏ పైపు వేసినా నీళ్లు ఎక్కుతాయి. పొలంలో దూరమే అసలు లెక్క.

పైపు గోడల రాపిడికి నీళ్లు కొంత ఒత్తిడి పోగొట్టుకుంటాయి. దాన్ని మీటర్ల ఎత్తులో లెక్కేస్తాం. 10 మీటర్ల ఎత్తంటే సుమారు 1 కేజీ ప్రెషర్. నిమిషానికి 30 లీటర్లు రావాలనుకుందాం. రెండు బాత్రూములు, వంటింటి సింకు ఒకేసారి తిప్పినా ఆ ధార సరిపోతుంది. దూరం 300 మీటర్లు. 25 ఎంఎం హెచ్‌డీపీఈ (నల్లటి గట్టి ప్లాస్టిక్) పైపులో అయితే దారిలోనే దాదాపు 39 మీటర్ల హెడ్, అంటే అంత ఎత్తుకి సరిపడే ఒత్తిడి, పోతుంది. 32 ఎంఎంలో తొమ్మిది, పది మీటర్లు. 40లో మూడు. 50లో ఒకటి. సైజు ఒక్క మెట్టు పెరిగితే ఇంత తేడా ఎందుకంటే, లోపలి వ్యాసం రెట్టింపైతే రాపిడి నష్టం దాదాపు ముప్పయ్యో వంతుకి పడిపోతుంది. దూరం రెట్టింపైతే నష్టమూ రెట్టింపే, 600 మీటర్లకి ఈ అంకెలన్నీ రెండుతో గుణించుకోండి.

ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పైపులో నీటి వేగం సెకనుకి ఒకటిన్నర మీటరు దాటకపోతే చాలని కొందరు ప్లంబర్లు లెక్కేస్తారు. పైన చెప్పిన 25 ఎంఎం పైపులో వేగం దానికి లోపలే ఉంటుంది. అయినా 39 మీటర్లు పోయాయి. వేగం సూత్రం ఇంటి లోపలి పైపులకి బాగానే పనిచేస్తుంది, పొలం దాటి వచ్చే పైపుకి అదొక్కటే నమ్ముకోకూడదు.

ఇప్పుడు మోటారు సంగతి. ఎండాకాలంలో బోరులో నీళ్లు 45 మీటర్ల లోతుకి దిగుతాయనుకోండి. బోరు మూతి నుంచి ఇంటికి నేల 12 మీటర్లు ఎక్కుతుంది, ట్యాంకు పైఅంచు ఇంకో 6 మీటర్లు. మొత్తం 63. 32 ఎంఎం పైపు వేస్తే మోటారు 73 మీటర్లు తోయాలి. 25 వేస్తే 102. పైపులో మిగిల్చిన డబ్బు పెద్ద మోటారుకి ఒకసారి, కరెంటు బిల్లుకి నెలనెలా కట్టాల్సి వస్తుంది. ఎత్తు కొలవడానికి ఫోన్ యాప్‌ని నమ్మొద్దు. మేస్త్రీల దగ్గర నీళ్లు నింపే సన్నటి లెవెల్ ట్యూబు ఉంటుంది, దాంతో అంచెలంచెలుగా కొలిపించండి. బోరు ధార కూడా చూసుకోండి. "రెండించుల నీళ్లు పడ్డాయి" అన్న మాటతో నాకు పని జరగదు. 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని నిమిషాల్లో నిండిందో చెప్తే చాలు. అది కూడా ఏప్రిల్, మే నెలల్లో చూసిందయితే ఇంకా మంచిది.

నేను అందరికీ గట్టిగా చెప్పేది ఇదే: ట్యాంకు ఇంటి దగ్గర పెట్టండి, బోరు దగ్గర కాదు. మనిషికి రోజుకి 135 లీటర్లు మన దగ్గర మామూలుగా వేసే లెక్క. ఆరుగురికి 810. మొక్కలకి ఇంకో వెయ్యి కలుపుకున్నా, నిమిషానికి 15 లీటర్ల చొప్పున రెండు గంటలు తోడితే అయిపోతుంది. ధార సగానికి తగ్గితే రాపిడి నష్టం పావు వంతుకి వచ్చేస్తుంది. 32 ఎంఎంలో అప్పుడు పోయేది రెండున్నర మీటర్లే. పైపు తీరిగ్గా నింపుతుంది, ట్యాపుకి కావలసిన ధార ట్యాంకు ఇస్తుంది.

అదే ట్యాంకుని బోరు దగ్గర స్టాండు మీద పెట్టి, చదును నేల మీద 300 మీటర్లు గ్రావిటీతో తేవాలనుకుంటే చిక్కు మొదలవుతుంది. స్టాండు 4 మీటర్లుంటే, ట్యాపు ఎత్తు పోను చేతిలో మిగిలేది మూడే. నిమిషానికి 30 లీటర్లు రావాలంటే 40 ఎంఎం పైపు దాన్ని మొత్తం తినేస్తుంది. కనీసం 50, షవర్ కూడా కావాలంటే 63 వేయాలి. పైగా దారిలో పైపు ఎక్కడైనా గూనిలా లేస్తే అక్కడ గాలి చేరి ధార సన్నబడుతుంది, ఆ చోట ఎయిర్ వాల్వ్ తప్పదు.

షాపులో అడిగేటప్పుడు ఇంచుల్లో అడక్కండి. హెచ్‌డీపీఈ పైపు మీద రాసే 32 బయటి వ్యాసం. లోపల 27, 28 ఎంఎం ఉంటుంది, కేజీ, అంటే పైపు తట్టుకునే ప్రెషర్, పెరిగితే గోడ మందమై లోపల ఇంకాస్త తగ్గుతుంది. నల్ల పైపు మీద నీలి గీతలు, ఐఎస్ 4984 అన్న ముద్ర, పీఎన్ అంకె చూసి తీసుకోండి. పీఎన్ 6 అంటే మనవాళ్లు 6 కేజీ అనేదే.

ఏ కేజీ తీసుకోవాలన్నది మోటారు ఆడేటప్పటి ప్రెషర్‌ని బట్టి తేల్చకండి. ఇంటి దగ్గర ట్యాంకుకి ఫ్లోట్ వాల్వ్ (ట్యాంకు నిండగానే తేలి మూసుకునే వాల్వ్) పెట్టారనుకోండి. అది మూసుకున్నా బోరు మోటారు ఆడుతూనే ఉంటుంది, దాని పూర్తి ప్రెషర్ పైపు మీద పడుతుంది. 110 మీటర్లు తోయగల మోటారైతే, 45 మీటర్ల లోతు పోను 65 మీటర్లు, అంటే ఆరున్నర కేజీలు. 6 కేజీ పైపుకి అది మించిపోయింది. అందుకే 10 కేజీ తీసుకోమంటాను. ఫ్లోట్ వాల్వ్ బదులు, ట్యాంకు నిండగానే మోటారు ఆపే సెన్సర్ పెట్టించుకోమంటాను.

ఇంటి లోపల పెద్ద లెక్కలేం లేవు. ట్యాంకు నుంచి దిగే పైపు ఇంచుంబావు, బాత్రూముకి ముప్పావు, ఒక్కో ట్యాపుకి అర ఇంచు సీపీవీసీ (వేడి నీళ్లనీ తట్టుకునే ప్లాస్టిక్ పైపు) చాలు.

పొలంలో వేసేది చుట్టల్లో వచ్చే హెచ్‌డీపీఈ అయితే జాయింట్లు తక్కువ. ఇరవై అడుగుల పీవీసీ ముక్కలైతే 300 మీటర్లకి యాభై పడతాయి, ప్రతి అతుకూ ఒక అనుమానమే. కందకం రెండున్నర అడుగులు తీయించండి, ట్రాక్టరు నాగలికి అందకూడదు. రాయి తగిలిన చోట అడుగున ఇసుక పోయించండి. మోటారు దగ్గర ఎన్ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్), దాని తర్వాత ఒక ప్రెషర్ గేజ్ తప్పకుండా పెట్టించండి.

కందకం పూడ్చకముందే ఆ గేజ్ చూడండి. పైన చెప్పిన దూరం, ఎత్తులకి 32 ఎంఎం పైపులో నిమిషానికి 30 లీటర్లు పోతుంటే ముల్లు రెండు ముప్పావు కేజీల దగ్గర ఉండాలి. మోటారు ఆపగానే 1.8కి దిగి అక్కడే నిలబడాలి. అది 18 మీటర్ల ఎత్తు (నేల 12, ట్యాంకు 6) బరువు. ఈ రెండింటి మధ్య తేడాయే రాపిడికి పోయింది. అంతే ధారకి ఆ తేడా ఒక కేజీ దాటితే పైపు ఎక్కడో నొక్కుకుపోయింది, లేదా ఏదో వాల్వ్ సగమే తెరుచుకుంది. ఆపాక కూడా ముల్లు మెల్లగా దిగిపోతుంటే జాయింట్లు చూడండి, వాటిలో కారుడు లేకపోతే ఎన్ఆర్‌వీ విప్పి చూడండి.