గాలివాన వెలిశాక వీధి శుభ్రం: ముందు ఏ పని, తర్వాత ఏ పని

వాన వెలిసింది కదా అని వెంటనే రంపం పట్టుకుని బయటికి రాకండి. ముందు ఉత్త చేతులతో వీధంతా ఒకసారి తిరిగి, పైకీ కిందికీ చూస్తూ, తెగిన తీగలు ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. నిప్పురవ్వలు రాలకపోయినా అందులో కరెంటు ఉండొచ్చు, పక్కనున్న నీళ్లలోకి, ఇనుప కంచెలోకి, తడి కొమ్మల్లోకి కూడా అది పాకుతుంది. కనీసం 10 మీటర్ల దూరంలో ఆగి, అటు ఎవరూ వెళ్లకుండా ఒకరిని నిలబెట్టి, కరెంటు వాళ్లకు ఫోన్ చేయండి. కర్రతో పక్కకి నెట్టేద్దాం అనే ధైర్యం అస్సలు వద్దు. అది కేబుల్ టీవీ తీగలే అని ఎవరన్నా చెప్పినా నమ్మొద్దు, అది పైన ఎక్కడో కరెంటు తీగకి తగులుతూ ఉండొచ్చు.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఏదీ కదపకముందే ఫోటోలు తీసుకోవాలి.

అందరూ పడిపోయిన పెద్ద చెట్టు దగ్గరికే పరిగెడతారు కానీ, నన్నడిగితే మొదట మురుగు కాలువలు. మళ్లీ ఒక్క జల్లు పడిందంటే ఆకులూ కవర్లూ అడ్డుపడి నీళ్లు ఇళ్లలోకే వస్తాయి. జాలీల మీది చెత్తను పారతో లాగండి, చేతులు పెట్టొద్దు. మ్యాన్‌హోల్‌లోకి మాత్రం ఎవరూ దిగకూడదు, లోపల విషవాయువులుంటాయి, కాపాడదామని వెనకే దిగినవాళ్లూ చనిపోతారు. మూత కొట్టుకుపోయి ఉంటే అక్కడ దూరం నుంచే కనిపించేలా ఒక పెద్ద కొమ్మ నిలబెట్టి, దానికి ఎర్రగుడ్డ కట్టండి.

ఇప్పుడు కొమ్మలు. మందపాటి అడుగున్న బూట్లు, గ్లౌజులు లేకుండా వద్దు, రేకులూ మేకులూ ఎక్కడ ఉంటాయో తెలీదు. కుప్ప కింద పాములు చేరతాయి కాబట్టి ముందు పొడవాటి కర్రతో కదిలించండి. వంగి బిగుసుకుపోయిన కొమ్మని కోస్తే ఒక్కసారిగా ఎగిరి ముఖానికి కొడుతుంది, ఇంటిమీదకో తీగలమీదకో ఒరిగిన చెట్టయితే అది తెలిసినవాళ్ల పని, వదిలేయండి. మేకు గుచ్చుకుంటే గాయం కడిగి, టెటనస్ ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ని అడగండి.

కుప్పలు వేరువేరుగా వేయాలి: కొమ్మలూ ఆకులూ ఒకచోట, ఇటుకలూ రేకులూ ఇంకోచోట, పాడైన ఫ్రిజ్‌లూ బ్యాటరీలూ మరోచోట. పగిలిన గాజుని మందంగా కాగితంలో చుట్టి, పైన గాజు అని పెద్దగా రాయండి, ఎందుకంటే ఆ సంచీ ఎత్తే పారిశుద్ధ్య కార్మికుడి చేతులూ మన చేతుల్లాంటివే, ఇంత చిన్న పని మనం చేయకపోవడం నిజంగా అన్యాయం. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే పీచు) ఉండొచ్చు, విరగ్గొట్టకుండా నీళ్లు చల్లి పక్కన పెట్టండి. ఏ కుప్పా కాలువ మీదా, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనా వద్దు. తగలబెట్టడం అసలే వద్దు.

చివరగా నిలిచిన నీళ్లు. గుడ్డు దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది, అందుకే టైర్లు, కుండీలు, ఖాళీ డబ్బాలు వారం లోపలే బోర్లించేయండి.