ఏజెన్సీ తీసుకునేముందు అగ్రిమెంట్‌ని చివరి పేజీ నుంచి చదవండి

కొత్తగా ఏజెన్సీ తీసుకుందామనుకునేవాళ్లు నన్ను ముందు అడిగేది మార్జిన్ ఎంత మిగుల్తుందన్నా అని. విశాఖ కంచరపాలెంలో పన్నెండేళ్లు బిస్కెట్లు, నూడిల్స్, సబ్బుల డిస్ట్రిబ్యూషన్ చేశాను కాబట్టి మార్జిన్ గురించి చెప్పగలను, కానీ నేను తిరిగి అడిగేది ఒకటే, వదిలేసిన రోజు నీ చేతికి ఏమొస్తుందో కాగితం మీద రాసి ఉందా అని. చాలామంది దగ్గర అసలు కాగితమే ఉండదు. ఉన్నా కంపెనీ పంపిన పాతిక పేజీల ఇంగ్లిష్ పీడీఎఫ్, టిక్కు పెట్టిన చోటల్లా సంతకాలు పెట్టేసి, కొరియర్ చేసేసి, ఒక్క జెరాక్స్ కూడా ఉంచుకోరు.

నాకు ఇది మా గోడౌన్‌లోనే తెలిసొచ్చింది. ఒక కంపెనీ మా ఏజెన్సీ ఆపేసినప్పుడు వెనక గోడవారగా డ్యామేజీ, ఎక్స్‌పైరీ పెట్టెలు తొంభై పైనే ఉన్నాయి, కింద వరసవి ఎలకలు కొరికి బిస్కెట్ పొడి నేలంతా పరుచుకుంది, ప్రతి పెట్టె మీద మా సేల్స్‌మన్ నల్ల మార్కర్‌తో షాపు పేరు, వెనక్కొచ్చిన తేదీ శుభ్రంగా రాసుంచాడు పాపం. కంపెనీ పాత ఏఎస్ఎం, అంటే ఏరియా సేల్స్ మేనేజర్, ఎనిమిది నెలలపాటు ఆ సరుకు డబ్బుకి క్లెయిమ్ పెట్టేశాను సార్ వచ్చేస్తుంది అని ఫోన్‌లో చెప్తూ వచ్చి ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు. కొత్తగా వచ్చినతను సిస్టమ్‌లో మీ పేరు మీద క్లెయిమ్ ఏదీ పెండింగ్ చూపించట్లేదు సార్ అన్నాడు. నా దగ్గర ఉన్నవి పెట్టెలు, ఫోన్ కాల్స్. మెయిల్ ఒక్కటీ లేదు.

సూర్యాబాగ్ కోర్టు దగ్గర లాయర్ గారి ఆఫీసుకి ఆ అగ్రిమెంట్ పట్టుకెళ్తే ఆయన మొదటి పేజీ చూడనే లేదు, నేరుగా చివర్లో ఉన్న టెర్మినేషన్ క్లాజ్, అంటే ఏజెన్సీ ఎలా ఆపొచ్చో చెప్పే నిబంధన దగ్గరికెళ్లి పెన్సిల్‌తో గీత గీశారు. ఏ కారణం చెప్పకుండా 30 రోజుల నోటీసుతో ఎవరైనా ఆపేయొచ్చు అని అక్కడుంది. అప్పటినుంచి ఎవరి అగ్రిమెంట్ చూసినా నేనూ అక్కడినుంచే మొదలుపెడతాను.

ఎందుకంటే మన దేశంలో డిస్ట్రిబ్యూటర్లని కాపాడటానికంటూ విడిగా చట్టం లేదు. 1872 కాంట్రాక్ట్ చట్టం, 1930 సరుకుల అమ్మకం చట్టం, మీరు సంతకం పెట్టిన కాగితం, వీటిమీదే అంతా నడుస్తుంది. 1990లో ఇండియన్ ఆయిల్, అమృత్‌సర్ గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, 30 రోజుల నోటీసుతో రద్దు చేసుకోవచ్చని అగ్రిమెంట్‌లో ఉన్నప్పుడు, రద్దు చేసిన తీరు తప్పైనా సరే, డిస్ట్రిబ్యూటర్‌షిప్ వెనక్కి ఇప్పించలేం, ఆ 30 రోజుల నష్టం మటుకే ఇప్పించగలం అంది. అంటే మీరు పదేళ్లు కష్టపడి షాపుల లైన్లు కట్టినా కోర్టులో దాని విలువ ఆ నోటీసు పీరియడ్ అంత. అందుకని మార్జిన్ మీద అర శాతం కోసం గంటసేపు బేరమాడేవాళ్లు, నోటీసు 30ని 90 చేయించడానికి ఇంకో గంట కూర్చోండి. బండి కొని, కుర్రాళ్లని పెట్టుకుని దిగుతున్నప్పుడైతే మొదటి రెండేళ్లు తప్పు జరిగితే తప్ప ఆపకూడదు అని అడగండి. పెద్ద కంపెనీలు ఒప్పుకోకపోవచ్చు, కొత్తగా మన మార్కెట్‌లోకి వస్తున్నవాళ్లు చాలావరకు ఒప్పుకుంటారు, వాళ్లకీ మనం కావాలి కదా.

నోటీసు తర్వాత చూడాల్సింది డబ్బు ఎక్కడెక్కడ ఇరుక్కుంటుందో. డిపాజిట్, గోడౌన్‌లో సరుకు, రావాల్సిన క్లెయిమ్‌లు. ఈ మూడింటికీ ఎన్ని రోజుల్లో, ఏ రేటుకి, ఎవరి ఖర్చుతో అనేది రాయించుకోండి. ఉదాహరణకి, ఏజెన్సీ ముగిసిన 45 రోజుల్లో అమ్మదగిన సరుకంతా ఇన్‌వాయిస్ రేటుకే కంపెనీ తన ట్రాన్స్‌పోర్ట్‌తో వెనక్కి తీసుకోవాలి, డిపాజిట్ 60 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే ఇంత వడ్డీ. అగ్రిమెంట్‌లో ఊరికే రిటర్న్స్ యాజ్ పర్ కంపెనీ పాలసీ అని ఉంటే ఆ పాలసీ కాపీ అడిగి అనుబంధంగా కుట్టించండి, లేదంటే ఆ పాలసీ వాళ్లు ఎప్పుడు మార్చినా మనం ఏమీ అనలేం. డిపాజిట్ మొత్తం జప్తు అని రాసి ఉన్నా మరీ భయపడక్కర్లేదు, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం రాసిన అంకె పైపరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే కోర్టు ఇప్పిస్తుంది. కానీ ఆ వాదన కోర్టుదాకా వెళ్తేగానీ పనికిరాదు కాబట్టి ఆ లైనే కొట్టేయించడం మేలు.

ఎక్స్‌పైరీ విషయంలో ఇంకో చిక్కుంది. వెనక్కి పంపక్కర్లేదు, మీ దగ్గరే పారేయండి, డబ్బు మేం సర్దుతాం అంటారు కొందరు. పారేసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ని, అంటే కొన్నప్పుడు కట్టిన ట్యాక్స్‌కి మనం తీసుకున్న తగ్గింపుని, జీఎస్టీ చట్టం ప్రకారం మనం తిప్పి కట్టాలి, కంపెనీ ఇచ్చేదాంట్లో అది కూడా కలిసుండాలి. సంతకానికి ముందు ఈ క్లాజ్ ఒక్కటి లాయర్‌తో పాటు మీ ఆడిటర్ గారికి కూడా చూపించండి. కంపెనీ మనకి డబ్బు సర్దుతూ ఇచ్చే ట్యాక్స్‌తో కూడిన క్రెడిట్ నోట్, సరుకు మనకి అమ్మిన ఆర్థిక సంవత్సరం దాటాక వచ్చే నవంబర్ 30 లోపు కంపెనీ జీఎస్టీ రిటర్న్‌లో పడాలి, లేదా వాళ్లు వార్షిక రిటర్న్ వేసే తేదీ, ఏది ముందైతే అది. చూద్దాం చూద్దాం అంటూ ఆ తేదీ దాటించేస్తే ట్యాక్స్ భాగం పోయినట్టే.

బ్లాంక్ చెక్కుల దగ్గర మనవాళ్లు చాలా తేలిగ్గా ఉంటారు, నాకు బాధనిపించేది ఇక్కడే. ఐదు చెక్కులు సంతకం పెట్టి ఇచ్చేయడం, నంబర్లు కూడా రాసుకోకపోవడం. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇష్టపడి ఇచ్చాక, అంకె అవతలివాళ్లు నింపినా సరే, బాకీ ఉందనే చట్టం ముందు అనుకుంటుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, బాకీ లేదని నిరూపించుకోవడం మన నెత్తిన పడుతుంది. ఇవ్వక తప్పకపోతే ఒక కవరింగ్ లెటర్ రాయండి, చెక్కు నంబర్లు, బ్యాంకు, ఇవి సెక్యూరిటీ కోసం మాత్రమే, గరిష్ఠంగా ఇంత మొత్తం వరకే, ఏజెన్సీ ముగిసి లెక్క తేలిన 15 రోజుల్లో వెనక్కి ఇవ్వాలి అని, కింద కంపెనీ సంతకం, స్టాంపు తీసుకోండి. ఒకవేళ చెక్కు బౌన్స్ నోటీసు వస్తే చేతికందిన రోజునుంచి డబ్బు కట్టడానికి 15 రోజులే ఉంటాయి, ఆ తర్వాత వాళ్లు క్రిమినల్ కేసు వేయొచ్చు. మీకు బాకీ లేదనుకున్నా అదేరోజు లాయర్ దగ్గరికెళ్లి జవాబు ఇప్పించండి, ఊరుకోవడం మాత్రం వద్దు.

ఏరియా గురించి మన విశాఖవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా, పాత విశాఖ జిల్లాలోంచి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వేరయ్యాయి. పాత అగ్రిమెంట్ నమూనాలో విశాఖపట్నం జిల్లా అని ఉండి, దానిమీదే ఇప్పుడు సంతకం పెడితే నర్సీపట్నం, పరవాడ, పాడేరు, అరకు మీవా కావా అని రేపు తగాదా. జిల్లా పేరు కాకుండా మండలాలు, లేదా పిన్‌కోడ్‌లు రాయించండి. ఇంకోటి, ఏరియాలో మీరొక్కరే అని సేల్స్ ఆఫీసర్ నోటితో చెప్పింది చెల్లదు, ఆ ఏరియాలో ఇంకొకరిని పెట్టము అనే వాక్యం ఉండాలి, సూపర్ మార్కెట్ చెయిన్లకీ ఆన్‌లైన్‌వాళ్లకీ కంపెనీ నేరుగా ఇస్తుందా అనేది కూడా అందులోనే తేలాలి.

ఏజెన్సీ వదిలాక రెండేళ్లు పోటీ కంపెనీ సరుకు అమ్మకూడదు అనే క్లాజ్ చూసి కొంతమంది ఇంట్లో కూర్చుంటారు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం మామూలుగా అలాంటిది చెల్లదు. ఏజెన్సీ నడుస్తున్నన్నాళ్లు అమ్మకూడదు అన్నదైతే చెల్లుతుంది.

ఇక గొడవొస్తే ఎక్కడ. ముంబై కోర్టులు మాత్రమే అని ఉంటే, ముంబైకి ఆ వ్యవహారంతో సంబంధం ఉన్నంతవరకు అది చెల్లుతుంది, రెండు లక్షల క్లెయిమ్ కోసం మీరు ముంబై రైలెక్కాలి. విశాఖ అని మార్పించండి, మన దగ్గరే కమర్షియల్ కోర్టు ఉంది, 2015 కమర్షియల్ కోర్టుల చట్టంలో డిస్ట్రిబ్యూషన్ అగ్రిమెంట్లు పేరుపెట్టి మరీ ఉన్నాయి, తగాదా విలువ కనీసం 3 లక్షలుంటే అక్కడికి వెళ్తుంది. అర్జెంట్‌గా స్టే లాంటిది అడగనక్కర్లేని కేసైతే దావాకి ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి, అది న్యాయ సేవాధికార సంస్థ ద్వారా జరుగుతుంది, నాకు తెలిసిన రెండు తగాదాలు అక్కడే తేలిపోయాయి. ఆర్బిట్రేషన్ క్లాజ్, అంటే కోర్టు బదులు ఒక తీర్పరి దగ్గర తేల్చుకోవాలన్నది, ఉంటే ఆ ఆర్బిట్రేటర్‌ని కంపెనీ ఎండీ ఒక్కడే పెడతాడు అని రాసుందేమో చూడండి, అలా ఏకపక్షంగా పెట్టడం చెల్లదని 2019లోనే సుప్రీంకోర్టు తేల్చింది, ఇద్దరూ ఒప్పుకున్న మనిషి, విశాఖలోనే విచారణ అని మార్పించండి.

లాయర్ దగ్గరికి సంతకం పెట్టాక కాదు, ముందు వెళ్లాలి. క్రిమినల్, భూమి కేసులు చూసేవాళ్లు కాకుండా చెక్కు, కమర్షియల్ దావాలు చూసేవాళ్లని వెతకండి. పట్టుకెళ్లాల్సినవి అగ్రిమెంట్ డ్రాఫ్ట్, స్కీమ్ సర్క్యులర్లు, ఏఎస్ఎంతో జరిగిన వాట్సాప్, మీరు పెట్టబోయే డబ్బు లెక్క. నాకు మంచిదో కాదో చెప్పండి అని అడిగితే గంట మాటలొస్తాయి, ఫలానా ఐదు క్లాజుల్లో ఏం మార్చాలో రాసివ్వండి అని అడగండి, ఫీజు కూడా ఆ పనికి ఇంత అని ముందే మాట్లాడుకోండి. మనలో చాలా ఫర్మ్‌లు ఆడవాళ్ల పేరు మీదే ఉంటాయి, ఆడవాళ్లకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అడిగే హక్కు 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అప్లికేషన్ పెట్టుకోవచ్చు.

సంతకం అయ్యాక రోజువారీ పని ఒక్కటే. ఫోన్‌లో ఏది మాట్లాడినా సాయంత్రం మెయిల్ కొట్టండి, ఇంగ్లిష్ రాకపోతే తెలుగులోనే, "ఈరోజు మీరు ఫోన్‌లో చెప్పిన ప్రకారం మార్చి డ్యామేజీ క్లెయిమ్ 41,300 రూపాయలు ఈ నెలాఖరుకి క్రెడిట్ అవుతుంది, తేడా ఉంటే రెండురోజుల్లో తెలపండి" అని. మూడునెలలకోసారి లెడ్జర్ బ్యాలెన్స్ మీద కంపెనీ సంతకం తీసుకోండి, బాకీ దావాకి గడువు మూడేళ్లు, ఆ లోపల బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే ఆ తేదీనుంచి మళ్లీ మూడేళ్లు.

మీరు తయారుచేసి డిస్ట్రిబ్యూటర్లకి ఇచ్చేవాళ్లైతే, పచ్చళ్లు, అనకాపల్లి బెల్లం ఉత్పత్తులు లాంటివి, చిన్న, సూక్ష్మ పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోండి. కొన్నవాళ్లు 45 రోజులకి మించి డబ్బు ఆపకూడదు, ఆపితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడురెట్లు చక్రవడ్డీ. కొని అమ్మే మనలాంటి ట్రేడర్లకి 2021నుంచి ఉద్యమ్ ఇస్తున్నా అది బ్యాంకు లోన్ల వరకే, ఈ 45 రోజుల రక్షణ మనకి రాదు, కాబట్టి మన గడువులు మనమే రాయించుకోవాలి.

మా అన్నయ్య కొడుకు మొన్న మధురవాడలో ఒక ఏజెన్సీ తీసుకున్నాడు, ఇవన్నీ పట్టుకుని కూర్చున్నాం. కంపెనీ 90 రోజులకి ఒప్పుకోలేదు, 60 ఇచ్చింది. సరుకు వెనక్కి తీసుకోవడం ఇన్‌వాయిస్ రేటుకి రాసింది, డిపాజిట్ మీద వడ్డీ ఇవ్వనంది. ఐదు చెక్కులు అడిగి రెండింటితో సరిపెట్టుకుంది, నంబర్లు రాసిన లెటర్ మీద వాళ్ల స్టాంపు పడ్డాకే వాడు చెక్కుబుక్ తీశాడు.