సంఘ దర్శనం కాపరి మారినా నిలవాలంటే

సంఘం దేని కోసం పనిచేయాలో చెప్పే దర్శనం కాపరి (పాస్టర్) మనసులోనే ఉంటే, ఆయన వెళ్లిన రోజున అదీ వెళ్లిపోతుంది. అందుకే ముందు దాన్ని రాయాలి. పరుగెత్తేవాడు కూడా చదవగలిగేలా పలక మీద రాయమని హబక్కూకు ప్రవక్తతో (హబక్కూకు 2:2) దేవుడు చెప్పింది ఇదే.

రాయడానికి పది పన్నెండు మంది చాలు. పెద్దలతో పాటు స్త్రీలు, యౌవనస్థులు, సండే స్కూల్ టీచర్లు తప్పక ఉండాలి. నాలుగు వారాలు ప్రార్థనతో కూర్చుని మూడు ప్రశ్నలు మాట్లాడుకోండి: దేవుడు మన మధ్య ఇప్పటికే ఏం చేస్తున్నాడు? మన చుట్టూ ఎవరిని ఎవరూ పట్టించుకోవడం లేదు? మన దగ్గర ఏముంది? వచ్చిన జవాబును రెండు వాక్యాలకు కుదించండి. "క్రీస్తు ప్రేమను చాటే సంఘంగా ఎదగాలి" అని రాస్తే సోమవారం ఎవరు ఏం చేయాలో తెలియదు. "మన చుట్టుపక్కల ఒంటరి వృద్ధుల్లో ఒక్కరు కూడా వారమంతా పలకరింపు లేకుండా ఉండకూడదు" అంటే తెలుస్తుంది. పదేళ్ల పిల్ల చూడకుండా చెప్పగలిగితే వాక్యం కుదిరినట్టే.

సంఘంలో చదివి వినిపించాక వెంటనే చేతులెత్తించకండి. రెండు వారాలు ఆగి, అభ్యంతరం ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి వినండి. తొందరపడి తీసుకున్న ఒప్పుదల మొదటి కష్టంలోనే విడిపోతుంది.

ఇక నమ్మకంగా సాగడం. 1727 ఆగస్టులో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసులు 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు రోజులోని గంటలను పంచుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆ గొలుసు నూరేళ్లకు పైగా తెగలేదు. ఒక్కొక్కరి వంతు గంట మాత్రమే కావడం అందులో గమనించాల్సిన విషయం. మీరూ భారాన్ని అలాగే చిన్న వంతులుగా పంచండి. ఏ పరిచర్యకైనా ఇద్దరిని పెట్టండి: ఒకరు చేస్తారు, ఇంకొకరు పక్కనుండి నేర్చుకుంటారు. విన్నదాన్ని ఇతరులకు నేర్పగల నమ్మకస్థులకు అప్పగించమన్న 2 తిమోతి 2:2 పద్ధతి ఇదే. అన్నీ ఒక్కరే మోస్తే అలసిపోతారు. ఆ అలసట చాలాసార్లు అలకగా బయటపడుతుంది.

చాలా సంఘాలు చెదిరేది డబ్బు దగ్గరే. కానుకలను బంధువులు కాని ఇద్దరు, కూడిక అయిన వెంటనే లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలి. మూడు నెలలకోసారి లెక్క అందరి ముందు చదవాలి. కానుకల విషయంలో తన మీద ఎవరూ నింద మోపకుండా పౌలు కూడా జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8:20-21). ఖర్చుల పుస్తకాన్ని దర్శన వాక్యం పక్కన పెట్టి చూడండి. వృద్ధుల కోసం అని రాసుకుని డబ్బంతా సౌండ్ సిస్టమ్‌కే పోయి ఉంటే, అసలు దర్శనం ఏదో ఆ పుస్తకమే చెబుతుంది.

రెండు ఆదివారాలు వరసగా రాని వ్యక్తిని మూడో ఆదివారం లోపు ఎవరో ఒకరు ఇంటికెళ్లి చూడాలి. నెలల తర్వాత వెళితే అది పరామర్శలా ఉండదు, విచారణలా ఉంటుంది.

ఏడాదికోసారి పెద్దలు ఒక పూట ఉపవాసముండి అన్ని పనులనూ పరిశీలించాలి. ఫలం లేని పనిని, చేసినవాళ్లకు అందరి ముందు కృతజ్ఞత చెప్పి, ఆపేయండి. జవాబు దొరికిన ప్రార్థనలను తేదీతో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. కొత్త కాపరి వచ్చిన మొదటి వారంలోనే ఆ పుస్తకం, దర్శన వాక్యం, లెక్కలు మూడూ పెద్దలు ఆయన చేతికివ్వాలి. తొలి ఏడాది దర్శనాన్ని మార్చకుండా, ముందు ఇంటింటికీ వెళ్లి మనుషులను తెలుసుకోమని కోరాలి.