పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయ్యాయా? ఫార్మాట్ కొట్టకండి

జిరాక్స్ షాపులో ప్రాజెక్ట్ రికార్డు ప్రింట్ తీయించుకుని వచ్చి, పెన్‌డ్రైవ్‌ని ల్యాప్‌టాప్‌కి పెడతారు. ఫోల్డర్లు ఉండాల్సిన చోట అవే పేర్లతో షార్ట్‌కట్‌లు కనిపిస్తాయి. ఐకాన్ మూలన చిన్న బాణం గుర్తు, సైజు చూస్తే ఒకటి రెండు కేబీ. బీటెక్ ఆఖరి ఏడాదిలో నాకూ ఇదే జరిగింది. మర్నాడే సబ్మిషన్ అన్న టెన్షన్‌లో ఫార్మాట్ కొట్టేశాను. ఫైళ్లు అందులోనే భద్రంగా ఉన్నాయని తర్వాత తెలిసింది. ఆ రాత్రంతా కూర్చుని రికార్డు మళ్లీ టైప్ చేశాను. మీకా అవస్థ రాకూడదు.

కారణం

ఇది వైరస్ పని. ఈ రకం వైరస్ ఫైళ్లను చెరపదు, దాచేస్తుంది. వాటిని హిడెన్, సిస్టమ్ ఫైళ్లుగా మార్చేసి, ఒక్కోసారి పేరే లేని ఫోల్డర్‌లోకి తోసేసి, పైన నకిలీ షార్ట్‌కట్ పెడుతుంది. దాన్ని నొక్కితే మీ ఫోల్డర్ మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి అనుమానం రాదు. ఈలోగా వైరస్ ల్యాప్‌టాప్‌లోకి దిగిపోతుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రామ్ దానంతటదే నడిచే ఆటోరన్ దారిని మైక్రోసాఫ్ట్ విండోస్ 7తోనే మూసేసింది. ఎక్స్‌పీ, విస్టాలకు కూడా 2011లో అప్‌డేట్ ఇచ్చింది. అందుకే ఈ వైరస్‌లు ఇప్పుడు మన చేతే నొక్కిస్తున్నాయి.

పరిష్కారం: ముందు ల్యాప్‌టాప్, తర్వాతే పెన్‌డ్రైవ్

చాలామంది తలకిందులుగా చేసేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉండగా పెన్‌డ్రైవ్ ఎన్నిసార్లు శుభ్రం చేసినా, పెట్టిన ప్రతిసారీ మళ్లీ అంటుకుంటుంది.

1. పెన్‌డ్రైవ్ తీసేయండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. తెరిచి ఉన్న పనంతా ముందే సేవ్ చేసుకోండి, ఎందుకంటే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. విండోస్ పూర్తిగా లోడ్ కాకముందే వెతుకుతుంది కాబట్టి వైరస్‌కి దాక్కునే వీలు తక్కువ.
2. ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి, తెరవకుండా రైట్ క్లిక్ చేసి, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో స్కాన్ చేయండి. షార్ట్‌కట్‌లు మాయమై డ్రైవ్ ఖాళీగా కనిపించినా కంగారుపడొద్దు.
3. స్టార్ట్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్ అని వెతికి, వ్యూ ట్యాబ్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టండి. హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దగ్గర టిక్ కూడా తీసేయండి. ఈ రెండోది మరిచిపోతే ఏమీ కనిపించదు. ఫైల్ ఎక్స్‌టెన్షన్లు దాచే టిక్ కూడా తీసేస్తే, పీడీఎఫ్ వేషంలో ఉన్న ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్ ఫైల్) దొరికిపోతుంది.
4. మసక రంగులో మీ ఫోల్డర్లు బయటపడతాయి. మీరు తయారుచేసిన డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రమే కాపీ చేసుకోండి. అవి తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే ఫార్మాట్ కొట్టండి. హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ టిక్ మళ్లీ పెట్టేయండి.

ఇకపై ప్రింట్‌కి వెళ్లేటప్పుడు పాత చిన్న పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ ఒక్కటే తీసుకెళ్లండి.

కుడి మూలన “వైరస్ ఉంది” అని మెసేజ్‌లు

చాలాసార్లు ఇది వైరస్సే కాదు. ఏదో సైట్‌లో తొందరలో అలౌ నొక్కిన ఫలితం. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని సైట్లన్నీ తీసేయండి. ఆ మెసేజ్‌లలో ఇచ్చే నంబర్‌కి మాత్రం ఫోన్ చేయకండి.

ఊరికే కూర్చున్నా ఫ్యాన్ హోరు, డిఫెండర్ ఆఫ్

ఈమధ్య క్రాక్ సాఫ్ట్‌వేర్ ఏమైనా వేశారా? యాంటీవైరస్ ఆపమని అది అడిగి ఉంటే ముందు దాన్నే అనుమానించండి. రియల్‌టైమ్ ప్రొటెక్షన్ ఆన్ చేసి, కిందనున్న ఎక్స్‌క్లూజన్స్ (స్కాన్ చేయకుండా వదిలేసేవాటి జాబితా) చూడండి. అక్కడ మీరు పెట్టని ఫోల్డర్ గానీ, ఏకంగా సీ డ్రైవ్ గానీ ఉంటే తీసేసి, క్రాక్‌ని అన్ఇన్‌స్టాల్ చేసి, ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. డిఫెండర్ ఆన్ కాకపోతే ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకుని విండోస్ కొత్తగా వేయడమే మంచిది. ఆఫీస్ బదులు లిబ్రేఆఫీస్, మాట్‌ల్యాబ్ బదులు ఆక్టేవ్ ఉచితంగానే దొరుకుతాయి.

బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఈపాటికే బయటికి పోయి ఉండొచ్చు. వాటిని ఆ ల్యాప్‌టాప్‌లో కాకుండా ఫోన్‌లో మార్చండి. మెయిల్‌తో మొదలుపెట్టి, అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ చేయండి.