మన మడి పైనుంచి చూసుకోవాలంటే: బుల్లి శాటిలైట్లు ఎందాక పనికొస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి

శాటిలైట్‌తో మీ పొలం రోజూ చూసి చెప్తాం, ఎకరాకి ఇంత కట్టండి అని యాప్‌ల వాళ్ళు ఇప్పుడు నరసన్నపేట, చీపురుపల్లి వైపు కూడా తిరుగుతున్నారు. కట్టొద్దని నేననను గానీ కట్టేముందు ఫ్రీగా దొరికేవి ఒకసారి చూసేయండి, అప్పుడు వాళ్ళు చెప్పేదాంట్లో ఎంత నిజముందో మీకే తెలుస్తుంది.

మా మావయ్యకి ఇది చెప్తే మొదట అడిగింది "మన మడి కనబడతాదేటిరా?" అని. కరెక్ట్ ప్రశ్న అదే. శాటిలైట్ ఫొటో అంటే చుక్కల లెక్క, ఒక్కో చుక్క నేలమీద ఎంత జాగా కవర్ చేస్తుందన్నదే అసలు విషయం. దీన్ని మీటర్లలో కాకుండా సెంట్లలో వేసుకోండి, మనకి బాగా ఎక్కుతుంది. అమెరికా వాళ్ళ ల్యాండ్‌శాట్ చుక్క 30 మీటర్లు, అంటే ఒక్క చుక్కలో దాదాపు 22 సెంట్లు పోతాయి. యూరప్ వాళ్ళ సెంటినెల్-2 చుక్క 10 మీటర్లు, రెండున్నర సెంట్లు, ఎకరాకి 40 చుక్కలు వస్తాయి. మీది పాతిక సెంట్ల మడి అయితే పదే చుక్కలు, అందులో గట్టు మీద పడ్డవి, పక్కోడి మడితో కలిసినవి తీసేస్తే నిఖార్సుగా మీవి ఏ రెండో మూడో మిగులుతాయి. ఎకరా పైన ఒకే చెక్క ఉంటే సెంటినెల్ చాలు, చిన్న చిన్న మడులు అయితేనే మూడు మీటర్ల ఫొటో గురించి ఆలోచించాలి.

ఆ మూడు మీటర్ల ఫొటోలు ఇచ్చేవే బుల్లి శాటిలైట్లు. ప్లానెట్ అనే కంపెనీ డవ్ శాటిలైట్లయితే 10 సెంటీమీటర్ల వెడల్పు, 10 మందం, 30 పొడవు, బరువు 5 కేజీల చిల్లర. 2017 ఫిబ్రవరి 15న మన శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ37 ఒకే దెబ్బకి 104 శాటిలైట్లు వదిలింది గుర్తుందా, అందులో 88 ఇవే. వీటి గొప్పంతా లెక్కలోనే ఉంది, గూడ్స్ బళ్ళాగ ఒకదాని వెనక ఒకటి పోతుంటే కింద భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి రోజుకోసారి అన్ని ఊళ్ళూ కెమెరా కిందకి వచ్చేస్తాయి. టన్ను పైన బరువుండే సెంటినెల్-2 లాంటివి అన్నేసి కట్టాలంటే ఎవడి తరం కాదు, అందుకే జంటగా తిరిగినా ఐదు రోజులకోసారి వస్తాయి.

ఇక చూడటం ఎలాగో. కంప్యూటర్ ఉంటే మంచిది, ఫోన్లో కష్టం. కోపర్నికస్ బ్రౌజర్ అని కొట్టి తెరవండి, అకౌంట్ ఫ్రీయే. మొదటిసారే మీ పొలం వెతక్కండి, గుర్తుపట్టలేక విసుగొచ్చేస్తుంది. ముందు పెద్దవి చూడండి, నౌపడ ఉప్పు మడులు తెల్లగా గళ్ళుగళ్ళుగా ఉంటాయి, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, విజయనగరం వైపు అయితే తాటిపూడి రిజర్వాయరు, భోగాపురం రన్‌వే. అక్కణ్ణుంచి ఏరో, గెడ్డో, రోడ్డో పట్టుకుని మీ ఊరికి రండి. సెంటినెల్-2 ఎల్2ఏ (గాలి, ధూళి వల్ల వచ్చే తేడా సరిచేసిన ఫొటోలు) ఎంచుకుని, మబ్బు శాతం దగ్గర 20 లోపు పెట్టుకుని తేదీలు మార్చుకుంటూ పోవడమే.

తర్వాత మామూలు రంగులు వదిలేసి ఫాల్స్ కలర్ నొక్కండి. పచ్చటి ఆకు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది, ఈ ఫొటోలో దాన్ని ఎరుపుగా చూపిస్తారు, అందుకే పంట ఎర్రగా నీళ్ళు నల్లగా వస్తాయి. ఉభాలు (నాట్లు) అయిన కొత్తలో మడి నల్లగా ఉంటుంది, నీళ్ళే ఎక్కువ కదా, దుబ్బు కట్టేకొద్దీ గులాబీ, తర్వాత చిక్కటి ఎరుపు, పంట పండేకొద్దీ రంగు వెలిసి కోతలయ్యాక బూడిద రంగు. డిసెంబరు, జనవరిలో ఆ బూడిదలో మళ్ళీ పలచగా గులాబీ వచ్చిందంటే మినుమో పెసరో మొలిచిందన్నమాట. ఎవరు ఎద పద్ధతిలో చల్లారో, ఎవరు ఉభాలు వేశారో మొదటి నెలలో తేడా కూడా తెలుస్తుంది, మబ్బు అడ్డం రాకపోతే.

అదే మరి, మబ్బు. జూలై నుంచి సెప్టెంబరు దాకా మన దగ్గర ఆకాశం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రోజుకో ఫొటో అంటే ఈ నెలల్లో రోజుకో మబ్బు ఫొటో. ఇక్కడొకటి మాత్రం ఒప్పుకోవాలి, ఐదు రోజులకోసారి వచ్చేది మబ్బు రోజే వస్తే మళ్ళీ ఐదు రోజులు ఆగాలి, రోజూ వచ్చేది మధ్యలో ఒక్క పూట తెరిపి ఇచ్చినా పట్టేస్తుంది. బుల్లి శాటిలైట్లకి డబ్బు పెట్టాల్సిన అసలు కారణం నా మటుకు ఇదొక్కటే.

తెరిపే లేకపోతే రాడార్ ఒకటే దిక్కు, అది ఎండ మీద ఆధారపడకుండా తనే రేడియో తరంగాలు పంపి తిరిగొచ్చినవి పట్టుకుంటుంది. అదే బ్రౌజర్లో సెంటినెల్-1 నొక్కండి, మబ్బులోంచి, రాత్రి పూట కూడా తీస్తుంది. నిలవ నీరు నల్లగా కనిపిస్తుంది కాబట్టి వంశధార, నాగావళి పొంగినప్పుడు ఏ ఊళ్ళు మునిగాయో చూడొచ్చు. కానీ ఆగస్టులో చూస్తే జిల్లా సగం మునిగినట్టే ఉంటుంది, ఎందుకంటే ఉభాలకి నీరు పెట్టిన మడి కూడా రాడార్‌కి వరదలాగే నలుపు! అందుకని వరదకి ముందు ఫొటో పక్కన పెట్టుకుని కొత్తగా నల్లబడింది ఏదో అదే చూడాలి. కంపేర్ అని ఆప్షన్ ఉంది, రెండు తేదీలూ అందులో వేసుకోండి. బుల్లి రాడార్లూ వచ్చాయి, ఫిన్లాండ్ వాళ్ళ ఐసై మొదటిది 2018 జనవరిలో మన పీఎస్‌ఎల్‌వీ-సీ40 మీదే వెళ్ళింది, వంద కేజీలు కూడా లేదు. కానీ రాడార్‌కి కరెంటు ఎక్కువ కావాలి, బుల్లి ప్యానెళ్ళతో ఎక్కువసేపు నడపలేరు, అడిగిన చోటే కాసేపు తీస్తాయి. ప్రపంచమంతా పద్ధతిగా తియ్యాలంటే 2025 జూలైలో వెళ్ళిన నాసా-ఇస్రో రాడార్ శాటిలైట్ నిసార్ లాంటిది ఉండాలి, అది 2,392 కేజీలు, దాని యాంటెన్నానే 12 మీటర్లు.

తుఫాను సంగతి వేరు. కళింగపట్నం వైపు వస్తోందా గోపాల్‌పూర్ వైపు పోతోందా అని ప్రతి అరగంటా చూడాలంటే 36,000 కిలోమీటర్ల పైనుండే ఇన్‌శాట్ బొమ్మలే. బుల్లివి అక్కడా వేరే పని చేస్తాయి, నాసా 2016లో పంపిన సిగ్నెస్ అనే 8 శాటిలైట్లు, ఒక్కోటి 30 కేజీల లోపే, జీపీఎస్ సిగ్నల్ సముద్రం మీద పడి తిరిగొచ్చే తీరుని బట్టి తుఫాను లోపల గాలి వేగం లెక్కేస్తాయి. ఇది మాత్రం నిజంగా తెలివైన పని.

తుఫాను అయిపోయాక నష్టం లెక్కలో మాత్రం జాగ్రత్త. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చేసింది కదా, దానికి ముందు నెలల ఫొటో, తర్వాత నవంబరు ఫొటో పక్కపక్కన పెడితే పలాస, వజ్రపుకొత్తూరు వైపు తోటల ఎరుపు ఎంత తగ్గిందో కళ్ళకి కడుతుంది. అయితే ఎన్ని కొబ్బరి చెట్లు పడ్డాయి అంటే అది చెప్పలేదు. చెట్టు తల మీద మూడు మీటర్ల చుక్కలు అటు మూడు ఇటు మూడు పడితే గొప్ప, కింద జీడి, మధ్యలో పనస కలిసి ఉండే మన తోటలో ఏది ఏదో ఎవడు చెప్తాడు?

కెమెరా బాగుచేస్తే సరిపోదా అంటారేమో, సరిపోదు. వెలుతురు లక్షణమే అది, లెన్సు వెడల్పు 10 సెంటీమీటర్లు, ఎత్తు 500 కిలోమీటర్లు అయితే లెక్క ప్రకారం మూడుంపావు మీటర్ల పైచిలుకు కన్నా చిన్నది విడిగా కనబడదు. 31 సెంటీమీటర్ల ఫొటో ఇచ్చే వరల్డ్‌వ్యూ-3 అనే పెద్ద శాటిలైట్ అద్దం వెడల్పు 1.1 మీటర్లు, బరువు 2,800 కేజీలు. ఏఐతో షార్ప్ చేశాం అనేవాళ్ళు ఉన్నారు, అది ఊహించి గీసిన బొమ్మ, నష్టపరిహారానికి పనికిరాదు.

ఇంకోటి, ఎన్‌డీవీఐ అంకెలు, అంటే పైరు ఎంత పచ్చగా ఉందో చెప్పే లెక్క. నిన్న 0.62 ఇవాళ 0.57 అని యాప్‌లో వస్తే యూరియాకి పరిగెత్తకండి. నిన్న తీసిన శాటిలైట్ వేరు ఇవాళ్టిది వేరు అయ్యుండొచ్చు, వందల కెమెరాలు అన్నీ ఒక్కలా చూడవు, ప్లానెట్ వాళ్ళే తమ వాటిని సెంటినెల్, ల్యాండ్‌శాట్‌తో పోల్చి సరిచేసుకుంటారు. రెండు మూడు వారాలు వరసగా పడిపోతుంటే, అదీ చుట్టుపక్కల మడులు బాగుండి మీదొక్కటే పడిపోతుంటే అప్పుడు గట్టెక్కి చూడండి. అది సుడిదోమా, జింకు లోపమా, నీళ్ళు అందలేదా అన్నది దుబ్బు విప్పి చూస్తేనే తెలుస్తుంది. ఎకరాకి ఎన్ని బస్తాలొస్తాయో, గట్టు ఎవడు జరిపాడో కూడా ఇవి చెప్పవు, గట్టు తగాదాకి సర్వేయరే.

ఇవన్నీ చూశాక కూడా యాప్ కావాలనిపిస్తే ఆ అబ్బాయిని కూర్చోబెట్టి అడగండి, ఏ శాటిలైటు, చుక్క ఎన్ని మీటర్లు, మ్యాప్ మీద ఫొటో తీసిన తేదీ వేస్తారా లేదా. ఆ మూడిటికీ గడగడా చెప్పేస్తే, పోయిన ఆగస్టులో మీ మండలం మీద మబ్బు లేకుండా తీసిన ఫొటోలు ఎన్నున్నాయో ఫోన్లో తీసి చూపించమనండి.