ఇంట్లోనే కారు పెయింటింగ్ – 3వ పాఠం: గాలి లెక్క

పోయిన పాఠంలో పుట్టీ పెట్టి, నీళ్ళ పేపర్‌తో రుద్ది, బానెట్‌ని ప్రైమర్‌కి సిద్ధం చేశాం. స్ప్రే గన్ పట్టుకోవాలని చేతులు దురద పెడుతుంటాయి, తెలుసు. కానీ ముందు గన్‌కి గాలి అందించే కంప్రెసర్ సంగతి తేల్చుకుందాం. ఇందులో తప్పు నేనే చేశాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

నా మొదటి కంప్రెసర్ 1 హెచ్‌పీ, 50 లీటర్ల ట్యాంకు. "8 బార్ దాకా ఎక్కుతుంది సార్, కారేంటి, లారీకైనా కొట్టొచ్చు" అన్నాడు అమ్మినతను. బార్ అంటే గాలి ఒత్తిడి కొలత. పాత మారుతి 800 బానెట్ మీద మొదలుపెట్టాను. ఎడమ సగం అద్దంలా వచ్చింది. కుడివైపుకి వచ్చేసరికి గన్ శబ్దమే మారిపోయింది. పొగలా పడాల్సిన పెయింటు చుక్కలు చుక్కలుగా పడింది. ఆరాక చూస్తే సగం బానెట్ నున్నగా, సగం నారింజ తొక్కలా ఉంది. గన్ చెడిపోయిందనుకుని విప్పి కడిగాను కూడా. పాపం, దాని తప్పేమీ లేదు.

అతను చెప్పింది అబద్ధం కాదు, 8 బార్ నిజంగానే ఎక్కింది. నేను అడగాల్సిన ప్రశ్న వేరు: నిమిషానికి ఎంత గాలి ఇస్తుంది? దీన్ని సీఎఫ్ఎంలో, అంటే నిమిషానికి ఇన్ని ఘనపు అడుగులని, చెబుతారు. 1 సీఎఫ్ఎం అంటే నిమిషానికి సుమారు 28 లీటర్ల గాలి.

ఇప్పుడు కాగితం తీసుకోండి. నా గన్‌కి 8 సీఎఫ్ఎం కావాలి, అంటే నిమిషానికి 225 లీటర్లు. 1 హెచ్‌పీ మెషిన్ ఇచ్చేది 3.5 సీఎఫ్ఎం, అంటే 100 లీటర్లు. ప్రతి నిమిషం 125 లీటర్లు తక్కువ. ఆ తక్కువని ట్యాంకు భర్తీ చేయాలి. 50 లీటర్ల ట్యాంకు 8 బార్ నుంచి 3 బార్‌కి దిగేలోపు ఇవ్వగలిగేది 50ని 5తో గుణిస్తే వచ్చే 250 లీటర్లు. 250ని 125తో భాగించండి: రెండు నిమిషాలు. ట్రిగ్గర్ మధ్యమధ్యలో వదులుతాం కాబట్టి ఇంకాస్త సాగుతుంది, అంతే. నా ఎడమ సగం అక్కడితో అయిపోయింది.

మోటారు మన జీతం, ట్యాంకు మన పొదుపు. జీతం చాలకపోతే పొదుపు ఎన్నాళ్ళు ఆదుకుంటుంది? పంక్చర్ షాపు వాళ్ళకి ఈ గొడవ లేదు. టైరు నింపాక ఇంకో బండి వచ్చేదాకా మెషిన్‌కి తీరిక దొరుకుతుంది. పెయింటింగ్‌లో ఆ తీరిక ఉండదు.

అందుకే ముందు గన్ ఎంచుకోండి, తర్వాతే కంప్రెసర్. హెచ్‌వీఎల్‌పీ (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వాడే) గన్‌తో పెయింటు వృథా తక్కువ, కానీ చాలావాటికి 10 సీఎఫ్ఎం పైనే కావాలి. ఎల్‌వీఎల్‌పీ (తక్కువ ఒత్తిడితో తక్కువ గాలి వాడే) రకం 4 నుంచి 6తో సరిపెట్టుకుంటుంది. ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటు మీద పనిచేసేవాళ్ళకి నా సలహా: ఎల్‌వీఎల్‌పీ గన్, 2 హెచ్‌పీ బెల్టు కంప్రెసర్, 100 లీటర్లకి దగ్గరగా ట్యాంకు. ఆయిల్ లేని చిన్న మెషిన్లు తేలికే, కానీ చెవులు చిల్లులు పడే మోత, పైగా ఏకధాటిగా నడిపితే వేడెక్కిపోతాయి.

కంపెనీ కాగితం మీద రాసిన సీఎఫ్ఎంని నమ్మకండి. చాలాసార్లు అది పిస్టన్ కొలత మీద కట్టిన లెక్క. బయటికొచ్చే గాలి అందులో మూడింట రెండు వంతులు ఉంటుందేమో. షాపులోనే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. గాలి బయటికిపోయే కుళాయి మూసి, ట్యాంకు గేజ్ ముల్లు 4 బార్ నుంచి 6 బార్‌కి ఎక్కడానికి పట్టే టైమ్ కొలవండి. 50 లీటర్ల ట్యాంకుకి ఒక నిమిషం పడితే, 50ని 2తో గుణిస్తే 100 లీటర్లు. అదీ దాని అసలు బలం.

ఇక నీళ్ళు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, చల్లారేటప్పుడు అందులోని తేమ నీళ్ళవుతుంది. విశాఖలోనో కాకినాడలోనో ఉంటే ఒక్క పూట పనికే ట్యాంకు అడుగున నీళ్ళు చేరతాయి. పని అయ్యాక అడుగు కుళాయి తిప్పి వదిలేయండి, తుప్పు రంగు నీళ్ళు చూసి భయపడకండి. గాలిలోంచి నీళ్ళని పట్టే వాటర్ ట్రాప్‌ని ట్యాంకు మూతి దగ్గరే బిగిస్తే లాభం తక్కువ, ఎందుకంటే అక్కడ గాలి ఇంకా వేడిగా ఉండి తేమ ఆవిరిలాగే దాటిపోతుంది. ఏడెనిమిది మీటర్ల పైపు దాటాక, గన్ వైపు పెట్టండి. వానరోజున ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొడితే తెల్లగా పొగమంచు పట్టినట్టవుతుంది చూడండి, దానికి మాత్రం ఏ ట్రాప్ పనిచేయదు. అది బయటి తేమ. ఆ రోజు పని మానేయడమే.

మెషిన్‌ని పెయింటు కొట్టే చోట పెట్టొద్దు. థిన్నర్ ఆవిరి, మోటారు నిప్పురవ్వ ఒకచోట ఉండకూడదు. పోర్టికోలో కొడుతుంటే కంప్రెసర్ ఇంటి వెనకాల, గాలి పైపు పొడుగ్గా. కరెంటుకి 16 ఆంప్ సాకెట్ కావాలి. సన్న ఎక్స్‌టెన్షన్ వైరు వేస్తే వోల్టేజ్ పడిపోయి మోటారు తిరగకుండా మూలుగుతుంది. అలా వదిలేస్తే కాలిపోతుంది.

మాస్క్ గురించి ఒక్క మాట, ఇందులో మొహమాటం లేదు. హార్డెనర్ కలిపే 2కే పీయూ పెయింట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా చెడ్డవి. గుడ్డ కట్టుకుంటే ఆగవు. బయటి నుంచి మంచిగాలి అందించే మాస్క్ లేకపోతే 2కే పని షాపుకి ఇచ్చేయండి.

ఈ వారం పని: గన్ కప్పు ఖాళీగా ఉంచి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే రెగ్యులేటర్ (గాలి ఒత్తిడి తగ్గించే, పెంచే మీట) సెట్ చేయండి. వదిలి చూసిన ముల్లు ఎక్కువ చూపిస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. గన్ దగ్గర 25 పీఎస్ఐ (సుమారు 1.7 బార్) పెట్టి, రెండు నిమిషాలు ఆపకుండా గాలి వదలండి. ముల్లు ఎక్కడికి దిగిందో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో నాజిల్ (పెయింటు వచ్చే రంధ్రం) 1.3 మి.మీ. వాడాలా, 1.7 వాడాలా అనే లెక్క ఆ అంకె మీదే మొదలవుతుంది.