ఇంట్లో పెరిగే కుందేలును బయటికి తీసుకెళ్లాలా? తీసుకెళ్తే ఎలా?

కుందేలుకు షికారు తప్పనిసరి కాదు. రోజుకు మూడు నాలుగు గంటలు గదిలో స్వేచ్ఛగా గెంతనిస్తే దానికి లోటేమీ ఉండదు. అయినా కాస్త ఎండ, నాలుగు గరిక పోచలు తగలనివ్వాలనుకుంటే విశాఖలో అనువైన కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, అదీ ఉదయం ఎనిమిదిన్నరలోపే. కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల గుండానే బయటికి పోవాలి. 28 డిగ్రీలు దాటితే దానికి కష్టమే, సముద్రపు ఉక్కపోత తోడైతే ఇంకా ముందే డీలా పడుతుంది. వేసవిలో బయటికి తేకండి.

చోటు ఎంచుకోవడం

ఆర్కే బీచ్ వద్దు. ఒంటికి అంటిన ఇసుకను నాకి మింగుతుంది, పైగా అక్కడ జనం, కుక్కలు. కైలాసగిరి, శివాజీ పార్కు లాంటి చోట్ల కుక్క కనబడిందంటే కుందేలు బెదిరి గింజుకుంటుంది. దాని ఎముకలు తేలిక, వెనక కాళ్ల బలం ఎక్కువ. గట్టిగా తన్నుకుంటే వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది. మీ పెరడు, లేదంటే అపార్ట్‌మెంట్ మేడ చాలు. పిట్టగోడకు సందులుంటే మూయండి. కాకులు, గద్దలు పైనుంచే వస్తాయి కాబట్టి దూరిపోవడానికి ఒక అట్టపెట్టె పెట్టండి. మనీ ప్లాంట్, గన్నేరు, కలబంద కుండీలు ముందే తీసేయండి, కుందేలుకు అవి విషం.

పది రోజుల ముందు నుంచి

1. మెడపట్టీ వద్దు. ఛాతీ, పొట్ట చుట్టూ వచ్చే కుందేలు హార్నెస్ కొనండి. మొదటి మూడు రోజులు దాన్ని మేత పక్కన ఉంచితే చాలు, వాసనకు అలవాటు పడుతుంది.

2. తర్వాత ఇంట్లోనే ఐదు నిమిషాలు తొడిగి, మెల్లగా పావుగంట దాకా పెంచండి. పట్టీ కింద ఒక వేలు దూరాలి. రెండు వేళ్లు సులువుగా దూరితే అది వెనక్కి జారి తప్పించుకుంటుంది.

3. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిర్రల కింద. బజారులో చెవులు పట్టి ఎత్తడం చూస్తుంటాం, దయచేసి ఎప్పుడూ అలా ఎత్తకండి.

బయటికి తెచ్చాక

గట్టి ప్లాస్టిక్ క్యారియర్‌లో తువ్వాలు, గుప్పెడు ఎండుగడ్డి వేసి తీసుకురండి. తలుపు తెరిచి వదిలేయండి, తనంతట తనే బయటికి రావాలి. గచ్చు వేడిగా ఉందేమో ముందు మీ చేతి వెనక వైపుతో తాకి చూడండి. కుందేలు పాదాలకు కుక్కకున్నట్టు మెత్తలు ఉండవు, బొచ్చు మాత్రమే. గరుకు నేల మీద అది ఊడి పుండ్లు పడతాయి, అందుకే చాప పరవండి.

తాడు రెండు మీటర్లు చాలు. కుందేలు వెనకే మీరు నడవాలి, లాగకూడదు. మొదటిసారి పది నిమిషాలే. చెవులు వీపుకు అంటించి, కళ్లు పెద్దవి చేసి రాయిలా బిగుసుకుపోయిందంటే బుద్ధిగా కూర్చుందని అనుకోకండి, అది భయం. వెంటనే లోపలికి తెచ్చేయండి. ఇంట్లో పచ్చగడ్డి అలవాటు లేనిదానికి గరిక కొద్దిగానే పెట్టండి, ఒక్కసారిగా ఎక్కువ తింటే విరేచనాలు పట్టుకుంటాయి.

నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ, చెవులు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు తెచ్చి చెవులను చల్లని నీళ్ల గుడ్డతో తడపండి. ఐసు పెట్టకండి. తడుపుతూనే పశువైద్యుడి దగ్గరికి బయలుదేరండి.

ఇంటికి వచ్చాక

తోక కింద బొచ్చు విడదీసి చూడండి. రెట్ట అంటుకుని తడిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. పిడుదులు కనబడితే కుక్కలకు వాడే మందు చల్లకండి, అందులో ఫిప్రోనిల్ అనే పురుగుమందు ఉంటే కుందేలు ప్రాణాలకే ముప్పు.

సాయంత్రం దాకా మేతను, రెట్టను గమనించండి. బెదిరిన కుందేలుకు పేగుల కదలిక ఆగిపోవచ్చు. రెట్ట ఉండలు చిన్నవైనా, పూర్తిగా ఆగిపోయినా, పది పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా తెల్లారేదాకా ఆగకుండా వైద్యుడికి చూపించండి.